క్లచ్ లేని బండి తనంతట తనే గేరు దించుకుంటుంటే అలవాటు పడేదెలా?

అడిగినాయన బాధ ఇదీ. చాలా ఏళ్ళు మామూలు గేర్ల బండి నడిపి ఈమధ్యే క్లచ్ లివర్ లేని సెమీ ఆటోమేటిక్ బైక్ కొన్నారు. మాన్యువల్ మోడ్‌లో గేరు పెంచడం ఆయన చేతిలోనే ఉంది. కానీ వేగం తగ్గగానే బండి అడక్కుండానే గేరు దించేసుకుంటోంది. ఆ కుదుపు నచ్చట్లేదు. దాన్ని ఆపెయ్యొచ్చా, లేదంటే అలవాటు కావడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

ఆపలేరండి. నేనూ మొదటి వారమంతా మీటర్‌లోని మెనూలన్నీ గాలించాను, అలాంటి ఆప్షన్ దొరకలేదు. ఆలోచిస్తే ఉండకపోవడమే న్యాయం. క్లచ్ మీ చేతిలో లేదు. నాలుగో గేరులో వెళ్తూ సిగ్నల్ దగ్గర ఆగారనుకోండి, ఇంజన్ ఆగిపోకుండా చూసుకోవాల్సింది బండే. హోండా డీసీటీలో, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చుకునే గేర్‌బాక్స్‌లో, మాన్యువల్ పెట్టినా ఆగే సరికి అదే కిందికి దిగుతుంది. బీఎండబ్ల్యూ ఆర్ 1300 జీఎస్‌లో వచ్చిన షిఫ్ట్ అసిస్టెంట్ కూడా అంతే, ఇంజన్ తిరుగుడు మరీ పడిపోతే మీ మాట వినకుండా గేరు దించేస్తుంది. మాన్యువల్ అని పేరే గానీ సగం అధికారం దాని దగ్గరే ఉంటుంది.

నాకు మూడు వారాలు పట్టింది. అందులో రెండు వారాలు బండితో కొట్లాటకే సరిపోయాయి. నాది డీసీటీ బండే, ఏ మోడల్ అనేది ఇక్కడ అనవసరం. డెలివరీ ఇచ్చిన అబ్బాయి "ఏం లేదు సార్, అంతా అదే చూసుకుంటుంది" అని తాళం చేతిలో పెట్టాడు. అదే చూసుకుంటుంది, నిజమే. మరి అది చూసుకునేటప్పుడు మనం ఏం చెయ్యాలో ఒక్క ముక్క చెప్పొచ్చుగా!

రెండో వారంలో ఒక ఆదివారం కొండ దారి ఎక్కాం, వెనకాల మా ఆవిడ. మాన్యువల్‌లో పెట్టుకున్నాను, ఎందుకంటే ఆటోమేటిక్‌లో నడిపితే స్కూటర్ నడిపినట్టే అని నా వెధవ పౌరుషం. ఎడమవైపు తిరిగే హెయిర్‌పిన్ మలుపు, బాగా ఎత్తు. మూడో గేరులో వచ్చాను, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి బ్రేక్ వేసి బండిని వాల్చాను. సరిగ్గా అప్పుడే అది టక్‌మని రెండుకి దిగింది. ఉన్న కాస్త వేగమూ ఒక్కసారిగా చచ్చిపోయింది, బండి లోపలివైపు పడిపోబోయింది. నా ఎడమ చేతి వేళ్ళు రెండూ ఠక్కున క్లచ్ కోసం వెళ్ళాయి. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. ఆ గాలిని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే హ్యాండిల్ కూడా కాస్త తిరిగింది. కంగారులో యాక్సిలరేటర్ ఇచ్చేశాను. అసలే రెండో గేరు, బండి ముందుకి దూకింది. కాలు కిందపెట్టి ఎలాగో నిలబెట్టుకున్నాను. ఈలోగా మా ఆవిడ హెల్మెట్ నా హెల్మెట్‌కి ఒకసారి కొట్టుకుంది, తర్వాత ఆవిడ వెనక్కి వెళ్ళి నా జాకెట్ పట్టుకుని మళ్ళీ వచ్చి ఇంకోసారి కొట్టుకుంది.

"బండి మీరు తోలుతున్నారా, అదే పోతోందా?" అంది.

దానికి జవాబు లేదు నా దగ్గర. పక్కన ఆపి పిట్టగోడ మీద కూర్చున్నాం. పది నిమిషాలు బండిని తిట్టాక అసలు సంగతి తట్టింది. మామూలు బండి మీద ఇలాంటి మలుపుల్లో నేనేం చేస్తాను? ఆలస్యంగానే గేరు దించుతాను. వాల్చాక, సగం మలుపులో ఉన్నప్పుడు. కాకపోతే రెండు వేళ్ళతో క్లచ్ సగం పట్టుకుని ఉంటాను కాబట్టి ఆ కుదుపు వెనక చక్రం దాకా రాదు. ఇన్నేళ్ళుగా నా తప్పులన్నీ ఆ హాఫ్ క్లచ్ కప్పిపుచ్చుతూ వచ్చింది. బండి చేసింది నేను రోజూ చేసే పనే, దుప్పటి కప్పకుండా చేసింది.

ఆ తర్వాతి మలుపు నుంచి ఒక్కటే మార్చాను. బండి ఇంకా నిటారుగా ఉండగానే, మలుపుకి ముందే, ఎడమ బొటనవేలితో మైనస్ బటన్ నొక్కి నేనే రెండుకి దించాను. దానికి దించే అవకాశం ఇవ్వలేదన్నమాట. యాక్సిలరేటర్ మొత్తం వదలకుండా ఒక వెంట్రుకవాసి తెరిచి ఉంచాను, ఎక్కువైన వేగాన్ని వెనక బ్రేక్‌తో పట్టుకున్నాను. వెనకాల నుంచి చప్పుడు లేదు. అప్పటి నుంచి నాకు హెల్మెట్ల చప్పుడే కొలత. ఆ రోజు పైకి చేరే సరికి ఏడు చప్పుళ్ళు, దిగి వచ్చేటప్పుడు ఒక్కటి. ఆ ఒక్కటి కూడా దారిలో గుంట వల్లే అని ఇప్పటికీ నా వాదన.

యాక్సిలరేటర్ కొంచెం ఉంచమనడానికి కారణం ఉంది. అదే వేగంలో కింది గేరు పడితే ఇంజన్ ఇంకా వేగంగా తిరగాలి. మీరు పూర్తిగా వదిలేసి ఉంటే ఆ తేడాని వెనక చక్రం లాగి పూడ్చాలి, మీకు కుదుపులా తెలిసేది అదే. ఈ కాలపు బళ్ళు మధ్యలో తామే కాస్త రేజ్ చేసి సర్దుకుంటాయి గానీ, మీ చెయ్యి కూడా సాయం పడితే అసలు తెలియదు. పై గేర్ల మధ్య దూరం తక్కువ, ఆరు నుంచి ఐదుకి దిగితే మీకు తెలియను కూడా తెలియదు. రెండు నుంచి ఒకటికి ఉన్న దూరమే ఎక్కువ. అందుకే నడక వేగంలో, ట్రాఫిక్‌లో, యూ టర్న్‌లో అందరూ ఏడుస్తారు. ఆ వేగంలో బటన్‌తో కంటే వెనక బ్రేక్‌తోనే పని. యాక్సిలరేటర్ నిలకడగా పెట్టి, వెనక బ్రేక్‌ని కాలితో నొక్కుతూ వదులుతూ ఉండాలి. మీకు పోయిన హాఫ్ క్లచ్ ఇప్పుడు కుడి కాలి కిందికి వచ్చిందనుకోండి.

ఇంకో పొరపాటు నాది. అది దించే క్షణంలోనే నేనూ బటన్ నొక్కేవాణ్ణి. అది ఒకటి, నేను ఒకటి, వెరసి రెండు గేర్లు. దించితే ముందే దించండి, లేదా దానికే వదిలెయ్యండి, ఇద్దరూ కలిసి దించకండి. ట్రాఫిక్‌లో స్పోర్ట్ మోడ్ జోలికి అసలు పోవద్దు. ఆ మోడ్‌లో ఇంజన్ ఎక్కువ తిరుగుతున్నప్పుడే గేరు దించుతుంది, కుదుపూ ఆ మేరకు ఎక్కువే.

"క్లచ్ లేకపోతే అది బైకే కాదు" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. హోండా సూపర్ కబ్ 1958లో వచ్చింది, దానికీ క్లచ్ లివర్ లేదు. 2017 నాటికి ఆ కబ్‌లే పది కోట్లు తయారయ్యాయి. వాటిని నడిపినవాళ్ళంతా ఏమిటి మరి? కాకపోతే కబ్ గేరు తనంతట తను దిగదు. పెడల్ నొక్కితే క్లచ్ విడిపోతుంది, మెల్లగా వదిలితే మెత్తగా పడుతుంది. అంటే క్లచ్ మీ కాలిలోనే ఉన్నట్టు. అడక్కుండా దించే గొడవ తర్వాతి తరం బళ్ళది. 2010లో హోండా వీఎఫ్ఆర్ 1200 ఎఫ్ బైక్‌తో డీసీటీ మోటార్‌సైకిళ్ళలోకి వచ్చింది. ఒక క్లచ్ బేసి గేర్లకి, ఇంకోటి సరి గేర్లకి. ఈ-క్లచ్ అని ఇప్పుడొచ్చిన దాన్ని కూడా జనం ఇందులోనే కలిపేస్తున్నారు. అది క్లచ్ మాత్రమే చూసుకుంటుంది. గేరు మీరే కాలితో దించాలి, లివర్ కూడా ఉంటుంది. మీకు ఈ కుదుపు అసలు పడకపోతే అది చూసుకోవాల్సింది, కానీ కొనేశారు కదా.

పది నిమిషాలు నడిపి వీడియో పెట్టేవాళ్ళ మాటలు కూడా పట్టించుకోకండి. పది నిమిషాల్లో తెలిసేది సీటు ఎత్తు ఒక్కటే.

అన్నట్టు, ఏటవాలు చోట పార్క్ చేసేటప్పుడు జాగ్రత్త. డీసీటీల్లో ఇంజన్ ఆపితే న్యూట్రలే, గేరులో వదిలి వెళ్ళడం కుదరదు. పార్కింగ్ బ్రేక్ మర్చిపోతే బండి మీకంటే ముందు కిందికి చేరుతుంది. దీన్ని కూడా ఆ అబ్బాయి చెప్పలేదు.

అలవాటు పడ్డామని ఎప్పుడు తెలుస్తుందంటారా, నాకు ఇలా తెలిసింది. నెల తర్వాత మా బావమరిది మామూలు గేర్ల బండి నడపాల్సి వచ్చింది, వాడు వెనక కూర్చున్నాడు. సిగ్నల్ పడింది. నేను దర్జాగా మూడో గేరులోనే బ్రేక్ వేసి ఆపాను, అదే దిగుతుందిలే అన్నట్టు. బండి రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది.

"క్లచ్ అనేది ఒకటుంటుంది బావా" అన్నాడు వాడు.

పచ్చ లైటు పడి వెనక హారన్లు మొదలయ్యే సరికి నేనింకా కాలితో న్యూట్రల్ వెతుక్కుంటున్నాను.