ల్యాబ్ పిల్లను నిదానంగా పెరగనివ్వండి

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి చైతన్యకు పెద్దనాన్న ఆశీస్సులు.

ల్యాబ్రడార్ కుక్కపిల్లను తెస్తున్నామన్నావు, ఏం పెట్టాలో, ఎలా చూసుకోవాలో రాయమన్నావు. ఫోనులో చెబితే సగం మామ్మకు వినబడదు, వినబడిన సగానికి ఆవిడ ఒప్పుకోదు. కాగితం మీద ఉంటే ఫ్రిజ్‌కి అంటించుకోవచ్చు.

పెద్ద జాతి పిల్లల విషయంలో మన ఇళ్లలో జరిగే తప్పు తక్కువ పెట్టడం కాదు, ఎక్కువ పెట్టడం. రెండు నెలలప్పుడు అయిదారు కిలోలుండే మగపిల్ల ఏడాది తిరిగేసరికి ముప్ఫై కిలోల చేరువకు వస్తుంది. ఎముకలు గట్టిపడకముందే ఒంటికి బరువెక్కితే తుంటి కీలు, మోచేతి కీలు సరిగ్గా కుదురుకోవు. పిల్ల బొద్దుగా ఉందని అపార్ట్‌మెంటంతా ముద్దు చేస్తుంది గానీ, ఆ బొద్దుతనమే తర్వాత కుంటుగా తేలుతుంది. తక్కువ తింటే చివరికి అంత పెద్దది కాదేమోనని భయపడకు. ఎంత ఎత్తు పెరగాలన్నది తల్లిదండ్రుల నుంచి వచ్చేదే, కాస్త ఆలస్యంగా చేరుతుందంతే. అమెరికాలో 48 ల్యాబ్రడార్లను జతలుగా పెట్టి, జతలో ఒకదానికి రెండోదాని తిండిలో ముప్పావు వంతే పెడుతూ, చిన్నప్పటి నుంచి చనిపోయేదాకా గమనించారు. 2002లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం ముప్పావు తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కీళ్ల అరుగుదల కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. ఈ పేరా మామ్మకు గట్టిగా చదివి వినిపించు.

పిల్లకు రెండు నెలలు నిండాకే తెచ్చుకో. అంతకన్నా ముందు అమ్మకూడదని 2017 నాటి కేంద్రం నిబంధనల్లోనే ఉంది. అయినా ముప్ఫై అయిదు రోజులకే అంటగట్టేవాళ్లున్నారు. తోడపుట్టిన పిల్లలతో ఆడుకుంటేనే ఎంత గట్టిగా కొరకచ్చో ఎంత కొరకకూడదో పిల్లకు తెలుస్తుంది. త్వరగా విడదీసిన పిల్ల ఆ పాఠం మీ చేతుల మీద నేర్చుకుంటుంది. తల్లికీ తండ్రికీ తుంటి ఎక్స్‌రే తీయించారా అని అడుగు. మొహం చిట్లిస్తే ఇంకోచోట చూడు.

అక్కడ ఏం పెడుతున్నారో అదే ఒక కిలో తెచ్చుకో, సెరెలాక్ అయినా సరే. మొదటి మూడు రోజులు అదే పెట్టు. ఇల్లు మారడమే దానికి పెద్ద దెబ్బ, తిండి కూడా అదే రోజు మారిస్తే విరేచనాలు ఖాయం. నాలుగో రోజు నుంచి పాతది మూడు వంతులు, కొత్తది ఒక వంతు. రెండు రోజులాగి సగం సగం. మరో రెండు రోజులకు కొత్తది మూడు వంతులు. వారం పదిరోజుల్లో పూర్తిగా మారిపోతుంది. మలం పలచబడితే ఒక మెట్టు వెనక్కి వెళ్లు.

డ్రై ఫుడ్ కొనేటప్పుడు, మనవాళ్లు ఏ కంపెనీదైనా పెడిగ్రీ అనే అంటారులే, సంచి మీద 'లార్జ్ బ్రీడ్ పప్పీ' అని ఉందో లేదో చూడు. మామూలు పప్పీ ఫుడ్ వేరు, ఇది వేరు. వెనకవైపు క్యాల్షియం శాతం చూడు. 1 నుంచి 1.5 మధ్య ఉంటే మంచిది, 1.8 దాటితే ముట్టుకోకు. ఎందుకంటే, ఎదిగిన కుక్క ఒంట్లో క్యాల్షియం ఎక్కువైతే పేగు దాన్ని లోపలికి తీసుకోవడం తగ్గించుకుంటుంది. అయిదారు నెలల్లోపు పిల్లకు ఆ అడ్డుకట్ట ఇంకా సరిగ్గా ఏర్పడదు, పెట్టినదాంట్లో చాలా భాగం ఒంటికి పట్టేస్తుంది. అప్పుడు ఎముక చివర్లు వంకరగా, మృదులాస్థి దళసరిగా పెరుగుతాయి. దుకాణంలో డ్రై ఫుడ్‌తో పాటు క్యాల్షియం సిరప్ సీసా కూడా చేతిలో పెడతారు. "పెద్ద జాతి కదండీ, ఎముక బలం కావాలి" అంటారు. ఆ సీసా అక్కడే వదిలేసి రా.

ఎంత పెట్టాలన్నది గ్లాసుతో కొలవకు. ఒకరు తలకొట్టి కొలుస్తారు, ఒకరు శిఖ పోసి కొలుస్తారు. వంటింటి ఎలక్ట్రానిక్ తూకం మీద గ్రాముల్లో తూచు. ఆరు కిలోల పిల్లకు మొదట్లో రోజుకు దాదాపు 800 క్యాలరీలు కావాలి. కిలోకు 3,700 క్యాలరీలున్న డ్రై ఫుడ్ అయితే 215 గ్రాములు, నాలుగు పూటలకు పూటకు 54 గ్రాముల చొప్పున. పొద్దున్న ఆరు, పదకొండు, సాయంత్రం నాలుగు, రాత్రి ఎనిమిదిన్నర. మూడో నెల నిండాక మూడు పూటలు, ఆరో నెల నిండాక రెండు. ఇంకో సంగతి చూడు: నాలుగు నెలలకు అది పద్నాలుగు కిలోలయితే బరువు రెట్టింపు దాటినట్టే, కానీ తిండి 275 నుంచి 325 గ్రాముల మధ్య సరిపోతుంది. ఒంటి బరువు పెరిగిన లెక్కన తిండి పెంచుకుంటూ పోయేవాళ్లు ఇక్కడే పొరబడతారు. సంచి మీది పట్టికలు కూడా కొంచెం ధారాళంగానే ఉంటాయి, ఇచ్చిన రేంజిలో కింది అంకెతో మొదలుపెట్టు.

పాళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పేది నీ చెయ్యే. పిడికిలి బిగించి కణుపుల మీద వేలు రాయి. పిల్ల పక్కటెముకలు అలా గట్టిగా తగిలితే చిక్కిపోయినట్టు. చెయ్యి తెరిచి, బోర్లించి, వెనకవైపు ఎముకల మీద రాయి: పైకి కనబడవు గానీ వేలికి తెలుస్తాయి. పక్కటెముకలు అలా ఉండాలి. అరచేతి మెత్తదనంలా ఉంటే పూటకు అయిదు గ్రాములు కొయ్యి. పైనుంచి చూస్తే డొక్కల దగ్గర సన్నబడి నడుము కనబడాలి. వారానికోసారి, ఆదివారం పొద్దున్న తిండికి ముందు, బరువు రాసుకో. ఆరు నెలల్లోపు వారానికి కిలో అటూ ఇటూ పెరుగుతుంది. వరసగా రెండు వారాలు కిలోన్నర దాటితే తిండి తగ్గించాలి. అసలు పెరగకపోతే డాక్టరుకు చూపించాలి.

మొదటి నెల గోరువెచ్చని నీళ్లలో పదిహేను నిమిషాలు నానబెట్టు. గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే లోపల పలుకు తగలకూడదు, అలాగని జావ కాకూడదు. మన ఊరి ఉక్కలో నానిన తిండి అరగంటకే పులుస్తుంది. ఇరవై నిమిషాల్లో తినకపోతే తీసి పారేయి, మళ్లీ పూటకే పెట్టు. అలా రెండుసార్లు చేస్తే గిన్నె ఎప్పుడూ ఉండదని దానికి అర్థమవుతుంది. చీమలకు భయపడి గిన్నె ఎత్తు మీద పెట్టకు, నేల మీదే ఉండాలి. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో గిన్నె పెడితే చీమ దాటదు. చౌకని పదిహేను కిలోల సంచి కొంటే నెలన్నరకు అడుగున ముక్కవాసన వస్తుంది. మూడు కిలోలవి కొని, సంచితో సహా మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టు.

ఇక మామ్మ విషయం. అన్నం, ఉడికించిన కోడి మాంసం మంచివే కదా అంటుంది. అవి విషం కాదు, కానీ వాటితోనే పెంచితే ఇందాక చెప్పినదానికి సరిగ్గా తలకిందులవుతుంది: మాంసంలో ఫాస్ఫరస్ దండిగా, క్యాల్షియం లేనట్టే. ఒళ్లు తన ఎముకల్లోంచే క్యాల్షియం లాక్కుంటుంది, కాళ్లు వంగుతాయి, గెంతితే విరుగుతాయి. ఇంటి తిండితోనే పెంచాలనుకుంటే డాక్టరు చేత పాళ్లు రాయించుకోవాలి. లేదంటే రోజు తిండిలో పదోవంతు దాటకుండా పైపైన పెట్టుకోనివ్వు: ఒక చెంచా పెరుగు, ఉడికిన గుమ్మడి ముక్క, క్యారెట్, అరగుడ్డు, ముల్లు తీసి ఉడికించిన చేప. పెట్టినంతమేర డ్రై ఫుడ్ తగ్గించాలి. పాలు వద్దు, అరగవు.

అస్సలు పెట్టకూడనివి కూడా మన వంటింట్లోనే ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా నెత్తురు కణాలను పాడుచేస్తాయి. ఉప్మా, కూర, సాంబారు అడుగూ అన్నీ ఇందులోకే వస్తాయి. పాయసంలో కిస్మిస్, ద్రాక్ష మూత్రపిండాలకు చేటు. ద్రాక్షలో దెబ్బతీసేది టార్టారిక్ ఆమ్లమని ఇప్పుడు అంటున్నారు, చింతపండులో అది పుష్కలం. కాబట్టి పులిహోర, పులుసు కలిపిన అన్నం బంద్. చాక్లెట్, షుగర్‌లెస్ చూయింగ్ గమ్ పర్సులో కూడా ఉండకూడదు. ఉడికిన కోడి ఎముక సూదిలా చీలుతుంది. మామిడి టెంక పేగుకు అడ్డం పడుతుంది.

ఇంట్లో నీకున్న పెద్ద శత్రువు ఆ నున్నటి టైల్స్. పిల్ల పరిగెత్తి ఆగబోతే వెనక కాళ్లు రెండూ చెరోవైపు జారతాయి. రోజుకు యాభైసార్లు అలా జారితే తుంటికి ఏమవుతుందో ఆలోచించు. అది తిరిగే దారంతా రబ్బరు మ్యాట్లు పరిచెయ్యి, ఖరీదైనవి అక్కర్లేదు. మెట్లు మూడు నెలలదాకా ఎక్కనివ్వకు, లిఫ్ట్ లేనప్పుడు ఎత్తుకో: ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి పిరుదుల కింద. సోఫా మీంచి దూకుడు, స్కూటర్ వెంట పరుగు ఏడాది దాటేదాకా వద్దు. మట్టి మీద, గడ్డి మీద దాని ఇష్టానికి ఆడుకోవడం మాత్రం మంచిదే.

శనివారం పొద్దున్నే తీసుకురా, రెండు రోజులు ఇంట్లో ఉంటావు. బయల్దేరే మూడు గంటల ముందు నుంచి తిండి పెట్టవద్దని అక్కడ చెప్పు, కారులో కక్కదు. తల్లి పడుకునే గుడ్డ ముక్క ఒకటి అడిగి తెచ్చుకో. రాత్రి అట్టపెట్టెలో ఆ గుడ్డ వేసి నీ మంచం పక్కనే పెట్టు. హాల్లో ఒంటరిగా పడుకోబెడితే రాత్రంతా ఏడుస్తుంది, పక్క ఫ్లాటువాళ్లు తలుపు కొడతారు. మూలుగు మొదలైతే మాట్లాడకుండా, లైటు వేయకుండా ఎత్తుకెళ్లి బాల్కనీలో పేపరు మీద దింపు, పని కానిచ్చి మళ్లీ పెట్టెలో పడుకోబెట్టు. మొదటి రెండు వారాలు రాత్రి ప్రతి మూడు గంటలకూ ఇదే. పగలయితే నిద్ర లేవగానే, తిన్న పావుగంటకు, ఆట అయిపోగానే. లోపల చేస్తే మూతి రుద్దడం, కొట్టడం పనికిరాదు. మనిషి చూస్తుండగా చేయకూడదనే దానికి అర్థమవుతుంది, ఆ తర్వాత సోఫా వెనక వెతుక్కోవాలి.

టీకాలు డాక్టరు చెప్పిన తేదీల ప్రకారం పదహారు వారాలదాకా సాగుతాయి, రేబిస్ మూడు నెలలకు. రెండు నెలల వయసు నుంచి మూడు నెలలదాకా పదిహేను రోజులకోసారి నులిపురుగుల మందు, ఆపైన ఆరు నెలలదాకా నెలకోసారి. పార్వో, అంటే పిల్లలకు ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాల జబ్బు, దాని క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి, టీకాలు పూర్తయి రెండు వారాలు గడిచేదాకా వీధికుక్కలు తిరిగే నేల మీద దింపకు. అలాగని గదిలో బంధించినా నష్టమే. మూడున్నర నెలల్లోపు చూసినదాన్నే అది లోకం అనుకుంటుంది. అందుకని చంకనేసుకుని తిప్పు: మద్దిలపాలెం జంక్షన్‌లో బస్సు హారన్లు, నేవీ హెలికాప్టర్ల చప్పుడు, చవితి డప్పులు దూరం నుంచి వినిపించు. బెదిరితే వెనక్కి జరుగు, బలవంతంగా దగ్గరికి తీసుకెళ్లకు. నేవీ విన్యాసాలు జరిగే రోజు మాత్రం బీచ్ రోడ్డు వైపు వద్దు.

వేసవిలో కూలర్ కొనకు. మన గాలిలోనే అంత తేమ ఉంటే అది ఇంకా తేమ కలుపుతుంది, చల్లబరచదు. ఫ్యాను, గచ్చు నేల, మధ్యాహ్నం కాసేపు ఏసీ చాలు. నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి. వానలు మొదలయ్యాక చెవులు వాసన చూడు, పుల్లటి వాసన వస్తే లోపల ఇన్‌ఫెక్షన్. కాలివేళ్ల మధ్య, చెవి మడతల్లో గోమార్లు వెతుకు. టిక్ ఫీవర్ మన దగ్గర మామూలే. మందు మాత్రం బరువు చూసి డాక్టరు రాసిందే వాడు, పశువులకు పూసే గోమార్ల మందు కుక్కపిల్లకు పూయకు.

బీచ్‌కి టీకాలయ్యాకే. అలివి వల లాగినచోట వదిలేసిన చిన్న చేపలు, ఉబ్బిపోయిన చేప, జెల్లీ చేప నోట పెట్టనివ్వకు, ఆ ఉబ్బు చేప ప్రాణం తీస్తుంది. ఉప్పునీళ్లు తాగితే ఆ రాత్రంతా విరేచనాలే. కాల్చిన మొక్కజొన్న అమ్మేచోట గింజలు తిని పారేసిన పొత్తులుంటాయి, ల్యాబ్ వాటిని నమలకుండా మింగేస్తుంది. ఒక్కటి మింగినా ఆపరేషన్ దాకా వెళ్లచ్చు.

ఒకసారి పలచగా విరేచనమై హుషారుగా ఆడుతుంటే ఒక పూట చూడచ్చు. నెత్తురు పడినా, వాంతి కూడా తోడైనా, చిగుళ్లు పాలిపోయినా, నీళ్లు ముట్టకపోయినా తెల్లారేదాకా ఆగకు. ఈ వయసులో ఒక్క రాత్రిలో ఒళ్లు ఎండిపోతుంది. తెచ్చిన రెండు రోజుల్లో ఒకసారి డాక్టరుకు చూపించు. వెళ్లేటప్పుడు ఆ పొద్దున మలం చిన్న డబ్బాలో తీసుకెళ్లు, టీకాల కార్డు మర్చిపోకు.

మొదటి ఆదివారం బరువు నాకు మెసేజ్ పెట్టు. పిల్లను ఎత్తుకుని తూకం మీద నిలబడతావు కదా, అందులోంచి నీ బరువు తీసేసి పంపు.

మీ పెద్దనాన్న