ఆగ్రా దగ్గరి ఎలుగుబంట్ల రెస్క్యూ సెంటర్‌ని పిల్లలతో చూడొచ్చా? టికెట్ ఎక్కడ, ఎంత దగ్గరగా చూపిస్తారు?

మీరు అడిగింది: డిసెంబరు చివర్లో మథుర, ఆగ్రా వెళ్తున్నారు, వెంట అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు. జూలాగా నేరుగా వెళ్ళి టికెట్ కొనుక్కోవచ్చా, పిల్లల చేత ఎలుగుబంటికి ఒక పండైనా పెట్టించవచ్చా అని.

వెళ్ళొచ్చు. కానీ నేరుగా వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. పండు పెట్టడం, ముట్టుకోవడం, పక్కన నిలబడి ఫొటో దిగడం ఉండవు. ఇవి కావాలనుకుంటే మీ రోజు వృథా. ఇవేవీ లేకపోయినా ఫర్వాలేదంటే, రెండు గంటలు చాలా బాగా గడుస్తాయి.

ముందు ఆ చోటు సంగతి. ఆగ్రా నుంచి ఢిల్లీ హైవే మీద మథుర వైపు సుమారు 20 కిలోమీటర్లు వెళ్తే సూర్ సరోవర్ పక్షుల అభయారణ్యం వస్తుంది. ఆ అడవి లోపలే ఉంది ఎలుగుబంట్ల కేంద్రం. 1999లో ఉత్తరప్రదేశ్ అటవీశాఖతో కలిసి వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ పెట్టింది. మొదటి ఎలుగులు 2002 డిసెంబరులో వచ్చాయి. వీధుల్లో ఆడించే ఎలుగుబంట్లను దేశమంతటి నుంచీ తెచ్చి ఇక్కడా, బెంగళూరు బన్నేరుఘట్టలో, భోపాల్‌లో, బెంగాల్‌లోని పురూలియాలో ఉంచారు. అలా విడిపించినవి 600 పైచిలుకు. చివరిదైన రాజు 2009 డిసెంబరులో బన్నేరుఘట్ట చేరింది. మన ఊళ్ళలో డోలు మోగగానే జనం గుమిగూడి, పిల్లాడి భయం పోతుందని ఎలుగు వీపు మీద కూర్చోబెట్టి, రెండు వెంట్రుకలు పీకించి తాయెత్తు కట్టించుకున్న రోజులు మీ అమ్మానాన్నలకు గుర్తుండే ఉంటాయి. ఆ ఎలుగుల తరానివే ఇవి. ఇప్పుడు దాదాపు అన్నీ ముసలివి.

ఈ చివరి మాట గట్టిగా గుర్తుంచుకోండి. అక్కడ నిరాశపడే వాళ్ళలో ఎక్కువమంది గెంతులేసే జంతువుల కోసం వచ్చినవాళ్ళే. అక్కడున్న వాటికి శుక్లాలు, కీళ్ళ నొప్పులు, అరిగిపోయిన పళ్ళు. కొన్నింటికి పూర్తిగా చూపు లేదు. వృద్ధాశ్రమానికి వెళ్తున్నామనుకుని వెళ్ళండి, అప్పుడు అక్కడి ప్రతి ఏర్పాటుకూ అర్థం తెలుస్తుంది.

ఇక బుకింగ్. సంస్థ వెబ్‌సైట్‌లో సందర్శన కోసం ఈమెయిల్, ఫోన్ నంబరు ఇస్తారు. ఈమెయిల్‌లో ఇవన్నీ ఒకేసారి రాసేయండి: తేదీ, ఉదయమా మధ్యాహ్నమా, పెద్దలు ఎందరు, పిల్లలు ఎందరు, వాళ్ళ వయసులు, మీ ఫోన్ నంబరు. మీలో ఎవరికైనా విదేశీ పాస్‌పోర్ట్ ఉంటే (అమెరికాలో పుట్టిన పిల్లలతో సహా) అదీ రాయండి. అభయారణ్యం ప్రవేశ రుసుము వాళ్ళకు వేరు. గేటు దగ్గర గొడవలు ఎక్కువగా దీనివల్లే వస్తాయి. రుసుములు మారుతుంటాయి కాబట్టి పాత వీడియోలో చెప్పిన అంకెలు పట్టుకోవద్దు, మీకొచ్చిన జవాబులో ఏముంటే అదే లెక్క. ఇంకో తిరకాసు, అటవీశాఖ టికెట్ వేరు, కేంద్రం తీసుకునేది వేరు. మొదటిది కట్టేసి అన్నీ అయిపోయాయనుకోకండి. కెమెరా ఉంటే దాని రుసుము గురించి కూడా ముందే అడగండి. డిసెంబరు సెలవుల్లో అయితే కనీసం వారం ముందు రాయడం మంచిది. ఖరారైనట్టు వచ్చిన జవాబును ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. అడవి లోపల సిగ్నల్‌ని నమ్ముకోవద్దు.

ఏ రోజు వెళ్ళాలంటే శుక్రవారం. తాజ్‌మహల్‌కి శుక్రవారం సెలవు. ఆ సంగతి ఆగ్రాలో దిగాక తెలిసి తల పట్టుకునేవాళ్ళు చాలామంది. మీ ప్రయాణంలో శుక్రవారం పడితే దాన్ని ఈ కేంద్రానికి ఇచ్చేయండి. దారిలోనే సికంద్రాలో అక్బర్ సమాధి ఉంది, అదీ అయిపోతుంది.

డిసెంబరులో ఉదయం స్లాట్ తీసుకోవద్దు. పొద్దున పదింటిదాకా మంచు విడవదు, హైవే మీద ముందు బండి కనిపించదు. ఆ చలికి ఎలుగులూ గడ్డి పరిచిన గూళ్ళలోంచి తొందరగా బయటకు రావు. ఎండ కాస్త వచ్చాక మధ్యాహ్నం వెళ్తే ఎండలో వెల్లకిలా పడుకుని కనిపిస్తాయి. మే, జూన్‌లో దీనికి పూర్తిగా తిరగేసి లెక్క వేసుకోవాలి. 45 డిగ్రీల ఎండలో మధ్యాహ్నం వెళ్తే ఖాళీ ఆవరణే కనిపిస్తుంది. రాత్రిపూట 8, 9 డిగ్రీలకు పడిపోయే ఊరది. మన దగ్గర చలికాలం వేసుకునే పల్చటి స్వెట్టర్ పెద్దవాళ్ళకు చాలదు. మఫ్లరు, సాక్సులు పెట్టండి. హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ గానీ దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ గానీ ఆగ్రా కంటోన్మెంట్‌లో ఆగుతాయి. పొగమంచు రోజుల్లో రైలు గంటల కొద్దీ ఆలస్యం కావచ్చు కాబట్టి, దిగిన రోజుకే స్లాట్ పెట్టుకోకండి.

డ్రైవర్‌కి 'బేర్ రెస్క్యూ' అని చెప్తే తెలియకపోవచ్చు. 'కీఠం ఝీల్' అనండి. అభయారణ్యంలోని చెరువు పేరు అది, అక్కడివాళ్ళందరికీ తెలుసు. ఆటో అయితే రానూపోనూ, ఆగే సమయంతో కలిపి బేరం కుదుర్చుకోండి. వదిలేసి వెళ్ళిపోతే లోపల మరో ఆటో దొరకదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే బండి లోపల ఎక్కడిదాకా వెళ్తుందో బుకింగ్ అప్పుడే అడగండి.

లోపల ఒక సిబ్బంది మనిషి మీ వెంట ఉంటారు. వాళ్ళు చెప్పిన దారిలోనే, వాళ్ళు ఆగమన్న చోటే. ఆవరణల చుట్టూ కరెంటు కంచె ఉంటుంది. పిల్లల్ని చేయి పట్టుకునే నడిపించండి. తినేవి ఏవీ బయటకు తీయొద్దు. ఎలుగుల సంగతి తర్వాత, ముందు కోతులొస్తాయి. సంచిలో బిస్కెట్ కవరు గరగరలాడితే చాలు. సెంటు, ఘాటు వాసన తలనూనె ఆ రోజుకు మానేయండి. ఎలుగుకు చూపు, వినికిడి అంతంతమాత్రం, బతుకంతా ముక్కు మీదే. అడవిలో ఎలుగు మనిషి మీద పడేది కూడా ఎక్కువగా ఇందుకే. దగ్గరకు వచ్చేదాకా మనిషిని పసిగట్టదు, ఉలిక్కిపడి మీదకొస్తుంది. శ్రీకాకుళం ఉద్దానం జీడితోటల్లో జరిగే దాడుల వెనక ఉన్నదీ ఎక్కువగా ఇదే. కాబట్టి ఈలలు, 'ఏయ్ భాలూ' అన్న పిలుపులు వద్దు.

ఇప్పుడు అసలు విషయం, ఏం చూడాలి. పిల్లలకు ముందే రెండు మూడు గుర్తులు చెప్పి తీసుకెళ్ళండి, వాళ్ళే వెతుక్కుంటారు.

మొదటిది మూతి. మన ఎలుగుకు పై వరసలో ముందుపళ్ళు రెండు పుట్టుకతోనే ఉండవు. ఆ సందులోంచి, పెదాలు గొట్టంలా ముందుకు చాచి చెదలు పీలుస్తుంది. ముందు గోళ్ళతో పుట్ట తవ్వుతుంది, ఉఫ్‌మని మన్ను ఊదేస్తుంది, తర్వాత పీలుస్తుంది. దుమ్ము పోకుండా ముక్కుపుటాలు మూసుకోగలదు. అడవిలో ఈ పీల్పు చప్పుడు 100 మీటర్ల పైదాకా వినిపిస్తుంది. కేంద్రంలో దుంగలకు రంధ్రాలు చేసి తేనె రాసేది ఈ అలవాటు పోకుండా ఉండడానికే. ఎలుగు దుంగను కావలించుకుని జుర్రుతున్నప్పుడు మాట్లాడకుండా నిలబడితే ఆ చప్పుడు మీకూ వినిపిస్తుంది.

అదే మూతి మీద, ముక్కుకు కాస్త పైన, వెంట్రుకలు లేని మచ్చగానీ పూడిన గుంటగానీ కనిపిస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు కాల్చిన ఇనుప చువ్వతో పొడిచి తాడు ఎక్కించిన చోటది. మత్తు ఇచ్చేవాళ్ళు కాదు. ఆ పుండు మానకుండా ఉంటేనే తాడు లాగినప్పుడు నొప్పికి రెండు కాళ్ళ మీద లేచేది. మనం చూసిన 'ఆట' అదే. కోరపళ్ళు కూడా కొట్టేసేవాళ్ళు. ఇది పిల్లలకు ఎంతవరకు చెప్పాలో మీ ఇష్టం. ఏడేళ్ళ లోపు వాళ్ళకైతే 'దెబ్బ తగిలింది, మానింది' చాలు.

రెండోది, అందరూ పొరబడేది. ఏదో ఒక ఎలుగు ఒకే చోట నిలబడి తల ఇటూ అటూ ఊపుతూనో, ఒకే గీత మీద పది అడుగులు ముందుకీ వెనక్కీ తిరుగుతూనో కనిపించవచ్చు. చూడగానే 'డాన్స్ చేస్తోంది' అని ఫోన్లు తీస్తారు. అది డాన్స్ కాదు. ఏళ్ళ తరబడి నాలుగడుగుల తాడుకు కట్టేసిన జంతువుకు మిగిలిపోయిన అలవాటు. ఊయలలు, ఎక్కే మంచెలు, నీటి తొట్లు, తిండిని దాచిపెట్టడం, వేసవిలో పళ్ళ ముక్కలు వేసి గడ్డకట్టించిన మంచు, ఇవన్నీ దాన్ని ఆ ఊపు నుంచి మరల్చడానికే. తిండి గిన్నెలో పెట్టేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది, వెతుక్కోమంటే పూట గడుస్తుంది.

మూడోది వినాల్సింది. కడుపు నిండిన ఎలుగు ముందు పంజా నోట్లో పెట్టుకుని చీకుతుంది, తేనెటీగల పట్టు దగ్గర వినిపించేలాంటి ఝుంకారం చేస్తూ. నొప్పితో మూలుగుతోందేమోనని పిల్లలు కంగారు పడతారు. హాయిగా ఉన్నప్పుడు చేసే పని అది.

ఈ ఎలుగుల్ని అడవిలో వదిలేయొచ్చుగా అని మీ పెద్దబ్బాయి తప్పక అడుగుతాడు. వదలలేరు. కోరలు లేవు, పిల్లప్పుడే తల్లిని చంపి తెచ్చినవి కాబట్టి తిండి వెతుక్కోవడం తల్లి దగ్గర నేర్చుకోలేదు, మనిషంటే బెదురు లేదు. పైగా వీధుల్లో జనం మధ్య తిరిగినవాటిలో క్షయ ఉండేది. అది అడవికి చేరకూడదు. కొత్తగా తెచ్చిన జంతువును మిగతావాటితో కలపకుండా కొంతకాలం విడిగా ఉంచి పరీక్షలు చేసేది అందుకే. మీకు జలుబో దగ్గో ఉంటే సందర్శన వాయిదా వేసుకోమనేదీ అందుకే.

ఫొటోల మాట. ఫోన్‌తో కంచె ఫొటో వస్తుంది, ఎలుగుది రాదు. తెర మీద ఎలుగు ఉన్న చోట వేలితో నొక్కి ఫోకస్ పెట్టండి. కెమెరా అయితే 200 మిల్లీమీటర్లకు తగ్గని లెన్స్ తెచ్చుకోండి. ఫ్లాష్ పూర్తిగా ఆపేయండి. నన్నడిగితే కెమెరా కన్నా 8x40 బైనాక్యులర్ మేలు. మూతి మచ్చ, గోళ్ళు, రొమ్ము మీది తెల్లటి 'V' గుర్తు స్పష్టంగా తెలుస్తాయి. చలికాలం చెరువులో వలస పక్షులు ఉంటాయి కాబట్టి దానికీ పనికొస్తుంది. పట్టెతల బాతులు, గూడబాతులు దొరికే కాలం మీది.

మన దగ్గర ఇలాంటివి లేవా అని కూడా అడిగారు. 1998లో కేంద్ర ప్రభుత్వం సర్కస్‌లలో పులులు, సింహాలు, చిరుతలు, ఎలుగులు, కోతుల ప్రదర్శనను నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అలా వచ్చిన సింహాలు, పులుల కోసం విశాఖ, తిరుపతి జూల దగ్గర రెస్క్యూ సెంటర్లు పెట్టారు. కానీ అవి సందర్శకులకు కాదు, జూ టికెట్‌తో లోపలికి పంపరు. రాయలసీమ వాళ్ళకు బన్నేరుఘట్ట దగ్గర. అక్కడ సఫారీ బండిలోంచి ఎలుగుబంట్లు కనిపిస్తాయి, మంగళవారం సెలవు.

ఆగ్రాలో 'రెస్క్యూ' అని బోర్డు పెట్టి ఏనుగు సవారీ, స్నానం చేయించడం, కొండచిలువను మెడలో వేసి ఫొటో లాంటివి ఎవరైనా చూపిస్తే, అది రెస్క్యూ కాదని అక్కడికక్కడే తేల్చేసుకోవచ్చు. ఎలుగు వెంట్రుకలు, గోరు అని అమ్మజూపితే కొనొద్దు. ఎలుగుబంటి 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. కొన్నవాడి మీదా కేసు పడుతుంది.

మథుర నుంచి ఆగ్రాకు వచ్చేవాళ్ళకు అదే హైవే మీద ఫరహ్ దగ్గర చుర్మురాలో ఇదే సంస్థ వాళ్ళ ఏనుగుల కేంద్రం ఉంది, 2018లో ఏనుగుల ఆసుపత్రి కూడా తెరిచారు. దానికి వేరుగా బుక్ చేసుకోవాలి. తారు రోడ్ల మీద నడిచి పగిలిన అరికాళ్ళకు, గోళ్ళకు చేసే వైద్యం అక్కడ చూడదగ్గది. పెద్దవాళ్ళతో రెండూ ఒకే రోజు పెట్టుకుంటే మాత్రం అలసిపోతారు. ఏనుగుల కేంద్రానికి మీరు మథుర వదిలే రోజు ఉదయం, మంచు విడిచాక వెళ్ళండి. ఎలుగుల దగ్గరకు మర్నాడు మధ్యాహ్నం.