మీ భార్య ప్రసంగం విని ఎన్నాళ్ళయింది?

ప్రశ్న: మాది గుంటూరు, తరతరాలుగా లూథరన్ క్రైస్తవ కుటుంబం. నాన్నగారు సంఘ పెద్ద. ప్రతి ఆదివారం గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో ఆయన పక్కనే ముందు వరుసలో కూర్చోవడం నాకు అలవాటు. పాప పుట్టాక మరకలు కనిపించకుండా ముదురు రంగు గళ్ళచొక్కా, జీన్స్ వేసుకుంటున్నాను. మొన్న ప్రభు భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం కూడా అలాగే వెళితే నాన్నగారు చిన్నబోయి, పాపను వాళ్ళమ్మకు ఇచ్చి రమ్మని సైగ చేశారు. ఇచ్చి వచ్చాను. నా భార్య ఎలాగూ పాపతో వరండాలోనే ఉంటుంది. రంగు బట్టలతో ప్రభువు బల్ల దగ్గరకు వెళ్ళడం దేవునికి అగౌరవమా?

జవాబు: అగౌరవం కాదు. బైబిల్లోని యాకోబు పత్రిక రెండో అధ్యాయం చదవండి. ప్రశస్తమైన బట్టలవాడికి మంచి చోటు చూపి, మాసిన బట్టల పేదవాణ్ణి పక్కన నిలబెట్టిన వారిని ఆయన ఎంత గట్టిగా గద్దించారో తెలుస్తుంది. ఈ ప్రశ్నకు ఇంతకు మించి జవాబు అక్కర్లేదు.

నాకు మనసులో గుచ్చుకున్నది 'ఎలాగూ' అన్న మీ మాట. ఉత్తరమంతా నాన్నగారి గురించీ, చొక్కా గురించీ రాసి, భార్యకు ఒక్క వాక్యం కేటాయించారు. ఆమె కూడా ఆ సంఘంలో బాప్తిస్మం పొందిన సభ్యురాలే కదా! పాప పుట్టిన తరువాత ఆమె ఒక్క ప్రసంగమైనా మొదటి నుంచి చివరి దాకా విన్నదా? మీరు ముందు వరుస నుంచి లేచి బల్ల దగ్గర మోకాళ్ళూనుతున్నప్పుడు, ఆమె పాపను చంకనేసుకుని అందరికంటే చివర రావడం మీరెప్పుడైనా గమనించారా?

తెలుపు మీద మీ నాన్నగారికున్న పట్టింపును నేను తేలిగ్గా తీసుకోను. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చిన తరువాత ఈ ప్రాంతంలో విశ్వాసులైన కుటుంబాల్లో అనేకం, శుభ్రమైన బట్ట కట్టుకుంటేనే ఓర్వలేని పెత్తందార్ల ఊళ్ళలో బతికినవి. వారి పిల్లలు చదువుకుని, ఉద్యోగాలు సంపాదించి, ఉతికిన తెల్లబట్టతో తలెత్తుకుని గుడిలోకి నడిచారు. ఆ గౌరవాన్ని కొడుకుగా మీరు నిలబెట్టవలసిందే. కాబట్టి సంస్కారపు ఆదివారాల్లో తెల్లచొక్కాయే వేసుకోండి. గంజి మాత్రం మానేయండి. అట్టలా బిగిసిన కాలరు నిద్రపోయే బిడ్డ చెంపకు ఒరుసుకుంటుంది. జేబులోని పెన్ను ఇంట్లోనే పెట్టి, భుజాన మెత్తటి తువ్వాలు వేసుకోండి. రాగి జావ మరక పడితే ఇంటికి వచ్చి నానబెట్టుకోవచ్చు.

అయితే ఆ సైగకు మీరు తలొగ్గడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. మీ నాన్నగారిని నొప్పించింది గళ్ళచొక్కా ఒక్కటే కాదని నా అభిప్రాయం. సంఘ పెద్ద కొడుకు నలుగురి ముందు బిడ్డను ఎత్తుకుని ఊపుతున్నాడన్నది ఆయనకు ఇంకా పెద్ద చిన్నతనంగా తోచి ఉంటుంది. తండ్రి మాటను మన్నించడం కొడుకు ధర్మమే. కానీ ఆ మన్నన ఖరీదును ప్రతి ఆదివారం భార్య చేత కట్టించడం ధర్మం కాదు.

శనివారం సాయంత్రం ఆయన ఒక్కరే ఉన్నప్పుడు పక్కన కూర్చుని, "నాన్నగారూ, పాప కాస్త పెద్దదయ్యేదాకా నేను వెనుక వరుసలో, తలుపు దగ్గర కూర్చుంటాను. పాప ఏడిస్తే బయటికి తీసుకెళ్ళవలసిన బాధ్యత నాది" అని నెమ్మదిగా చెప్పండి. అనుమతి అడిగినట్టు కాక, నిర్ణయం తెలియజేసినట్టు చెప్పండి. ఆయన కోపగించుకుంటే ఎదురు మాట్లాడకండి, మాట వెనక్కి తీసుకోకండి. ఈ సంగతి మీ భార్య నోటితో చెప్పించడం మాత్రం ఎంత మాత్రమూ తగదు, ఎందుకంటే అప్పుడు కొడుకును మార్చేసిందన్న నింద ఆమె మీదే పడుతుంది.

మొదటి వారం "మామయ్యగారు ఏమనుకుంటారో" అని ఆమే వెనకాడవచ్చు. అప్పుడు ప్రసంగం మొదలు కాకముందే పాపను ఆమె చేతుల్లోంచి అందుకుని, ఆమెను లోపలికి పంపవలసింది మీరే.