కాలువ కట్టేసినా చేను తడుస్తోంది

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 72 ఏళ్లు. రెండేళ్ల క్రితం నడుం నొప్పని వెళ్తే ప్రొస్టేట్ కేన్సరు, ఎముకలకి కూడా పాకిందన్నారు. అప్పట్నుంచి మూడు నెలలకోసారి హార్మోన్ ఇంజెక్షన్, రోజూ బైకాలుటమైడ్ మాత్ర. పీఎస్‌ఏ అనే, కేన్సరు జోరు చెప్పే రక్తపరీక్ష అంకె 86 నుంచి 0.4కి దిగింది. ఆ అంకెల్ని నాన్న కొబ్బరి దింపుల పుస్తకంలోనే రాసుకుంటారు, కాయల లెక్క ఓ పక్క, పీఎస్‌ఏ ఓ పక్క. ఇప్పుడు వరసగా 1.1, 2.3, 4.8 వచ్చాయి. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను మాత్రం 18 ఉందిట. నొప్పులేం లేవు. రెసిస్టెన్స్ వచ్చింది, కేన్సరు మందుకి లొంగట్లేదన్నారు, మళ్లీ అదే ఇంజెక్షన్ చేశారు. పనిచేయని మందుకి డబ్బులెందుకండీ? నాన్నేమో ఇంజెక్షన్ నకిలీదంటున్నారు. ఊళ్లోవాళ్లు పులస చేప తిన్నందుకే అంటున్నారు.

జవాబు: ముందు పులసని ఈ గొడవలోంచి వదిలేయండమ్మా. ఉన్న ధరకి అది ఏడాదికోసారి ఇంటికి రావడమే గొప్ప, దాని మీద ఈ నింద కూడా ఎందుకు.

నకిలీ మందన్న అనుమానానికి జవాబు మీరు చెప్పిన టెస్టోస్టిరాన్ అంకెలోనే ఉంది. ఈ ఇంజెక్షన్ చేసేదల్లా, మెదడు నుంచి వృషణాలకి వెళ్లే ఆజ్ఞని ఆపి, ఈ కేన్సరుకి మేతయిన టెస్టోస్టిరాన్ తయారీని నిలిపేయడం. డెసీలీటరుకి 50 నానోగ్రాముల లోపుంటే పని జరుగుతున్నట్టు. మీకు 18 ఉంది. మందు నకిలీదైతే ఈ అంకె వందల్లో ఉండేది. అంటే ఇంజెక్షన్ దాని పని అది శుభ్రంగా చేస్తోంది, తేడా కేన్సరు కణాల్లో వచ్చింది.

హార్మోను ఆపితే ఈ కేన్సరు తగ్గుతుందని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు, 1966లో నోబెల్ కూడా వచ్చింది. ఇప్పటికీ వైద్యం అక్కడే మొదలవుతుంది. కానీ చాలామందిలో కొన్నాళ్లకి కణాలు వేరే దారి చూసుకుంటాయి. వేసవిలో ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేస్తే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పాలా? శివారు రైతు ఊరుకోడు, డ్రెయిన్లో ఇంజను పెట్టి తోడుకుంటాడు, కాదంటే బోరు వేస్తాడు. కాలువ ఎండే ఉంటుంది, చేను మాత్రం తడుస్తుంది. కణాలదీ అదే పని. కిడ్నీల మీద అడ్రినల్ గ్రంథులుంటాయి, వాటినుంచి వచ్చే బలహీనమైన హార్మోన్లని పట్టుకుని కణం తన లోపలే టెస్టోస్టిరాన్‌గా, దానికన్నా బలమైన రూపంగా మార్చుకుంటుంది. అందుకే రక్తంలో 18 కనబడినా గడ్డ లోపల కరువుండదు.

ఇంకొన్ని కణాలు హార్మోన్ని పట్టుకునే రిసెప్టర్లని విపరీతంగా పెంచేసుకుంటాయి, అప్పుడు చుక్క దొరికినా చాలు. కొన్నిటిలో ఆ రిసెప్టరు ఆకారమే మారిపోయి, దాన్ని అడ్డుకోవడానికిచ్చిన బైకాలుటమైడే దానికి మేతైపోతుంది! వినడానికి చిత్రంగా ఉంటుంది గానీ, ఆ మాత్ర ఆపగానే పీఎస్‌ఏ దిగినవాళ్లున్నారు. కాబట్టి మాత్ర ఆపి కొన్ని వారాలు చూద్దామా అని మీ డాక్టర్ని అడగండి, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. ఇక ఏఆర్-వీ7 అనే రకం ఒకటుంది, అందులో రిసెప్టరుకి హార్మోను పట్టుకునే భాగమే ఉండదు, తాళం లేకుండా స్టార్టయి ఆగని బండిలా దానంతటదే నడుస్తుంది.

ఇంజెక్షన్ ఎందుకంటారా? శివార్లో ఇంజన్లు నడుస్తున్నాయని లాకులు కూడా ఎత్తేస్తామా? చాలా కణాలు ఇంకా ఆ హార్మోను దారిలోనే బతుకుతుంటాయి, అందుకని ఇంజెక్షన్ ఉంచి, పైన ఇంకో మందు కలుపుతారు. ఒకప్పుడు నేనూ "మందు ఫెయిలైంది" అనేసేవాణ్ణి. ఆ మాట పట్టుకుని ఒకాయన ఆర్నెల్లు ఇంజెక్షన్ మానేసి వచ్చాడు. అప్పట్నుంచి ఆ మాట వాడను.

కలిపేవాటిలో అబిరాటెరోన్ ఆ అడ్రినల్ దారినీ, గడ్డ లోపలి తయారీనీ కట్టేస్తుంది. మామూలుగా ఖాళీ కడుపున వేసుకోవాలి, అన్నంతో వేసుకుంటే ఒంట్లోకి ఎన్నో రెట్లు ఎక్కువ ఎక్కేస్తుంది. తోడుగా ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు, బీపీ, పొటాషియం చూస్తుండాలి. ఎంజలుటమైడ్ రిసెప్టరునే అడ్డుకుంటుంది. ఏఆర్-వీ7 రకంలో ఈ రెండూ అంతగా పనిచేయవు, అలాంటప్పుడు డోసెటాక్సెల్ కీమో వైపు చూస్తారు. బీఆర్‌సీఏ జన్యువుల పరీక్ష గురించి కూడా అడగండి, అందులో తేడా ఉంటే ఒలాపరిబ్ అనే మాత్రలకి దారుంటుంది. మందు మార్చేముందు స్కాన్ చేయిస్తారు, ఒక్క పీఎస్‌ఏ చూసి టెన్షన్ పడి పరుగులు పెట్టక్కర్లేదు.

కానీ ఎముకలకి పాకింది కాబట్టి ఒకటి గుర్తుంచుకోండి. కాళ్లు బలం తప్పినా, మొద్దుబారినా, ఉన్నట్టుండి మూత్రం బంద్ అయినా తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రయినా ఆస్పత్రికి తీసుకెళ్లండి. వెన్నుపాము నొక్కుకుపోతోందేమో అప్పటికప్పుడు చూడాలి.

ప్రశ్న: భీమవరం నుంచి. దాళ్వా కోతల్లో పడి నా ఇంజెక్షన్ నెల రోజులు లేటయింది. పీఎస్‌ఏ పెరిగింది. నాదీ రెసిస్టెన్సేనా?

జవాబు: టెస్టోస్టిరాన్ చూడకుండా ఎవరూ చెప్పలేరండీ, ముందు ఆ రక్తపరీక్ష చేయించండి. అది పెరిగుంటే కేన్సరు మొండికేయలేదు, మీ లాకే తెరుచుకుంది. తారీఖులు గుర్తుండవనుకుంటే వృషణాలు తీసేసే చిన్న ఆపరేషన్ ఉంది, ఈ ఇంజెక్షన్ల అవసరం ఉండదు, ఖర్చూ తక్కువే, కాకపోతే మనసు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే వచ్చే కోతల తారీఖు డాక్టరుకి ఇప్పుడే చెప్పి, ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకోవాలో రాయించుకోండి.