మీ ప్రశ్నలు: వైట్‌హౌస్‌లో ఎవరున్నా చైనాతో బేరం తప్పదా?

ప్ర: అమెరికా ప్రెసిడెంట్లలో ఒకాయన చైనా వెళ్లి విందులు చేసొస్తాడు, ఇంకొకాయన టారిఫ్‌లు (దిగుమతి సుంకాలు) బాదుతాడు. ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తారా, దీని వెనకేమైనా లెక్క ఉందా?

జ: లెక్క ఉంది, కాకపోతే ఎలక్షన్‌లో ఏం అన్నాడన్నది పక్కన పెట్టి కుర్చీ ఎక్కాక ఏం చేశాడో చూడండి. చైనాని తిట్టడం అక్కడి ప్రచారంలో ఎప్పట్నుంచో ఉన్నదే. రీగన్ 1980లో తైవాన్‌తో (చైనా తనదేనంటున్న ద్వీపం) మళ్లీ అఫీషియల్ సంబంధాలన్నట్టు మాట్లాడాడు, తీరా 1982 ఆగస్టులో తైవాన్‌కి ఆయుధాల అమ్మకం మెల్లగా తగ్గిస్తామని చైనాతో కలిసి ప్రకటన ఇచ్చి, 1984లో బీజింగ్ కూడా వెళ్లొచ్చాడు. క్లింటన్ సంగతి ఇంకా తమాషా. 1992లో బాగ్దాద్ నుంచి బీజింగ్ దాకా నియంతల్ని నెత్తిన పెట్టుకోనన్నాడు, 1993లో మానవహక్కులు మెరుగుపడకపోతే చైనాకి ఎంఎఫ్ఎన్ హోదా (అంటే మామూలు దేశాలకి వేసే తక్కువ సుంకమే వేయడం) తీసేస్తామని ఆర్డర్ ఇచ్చాడు, ఏడాది తిరిగేసరికి 1994 మేలో ఆ షరతు ఆయనే ఎత్తేశాడు. చైనా దిగిరాలేదు, ఆ మార్కెట్ మీద కన్నేసిన కంపెనీలు ఊరుకోలేదు.

ప్ర: కమ్యూనిజం అంటే పడని నిక్సనే చైనా ఎందుకు వెళ్లాడండీ?

జ: పడని మనిషి కాబట్టే వెళ్లగలిగాడు. అదే పని ఎవరైనా డెమొక్రాట్ చేసుంటే చైనాకి అమ్ముడుపోయాడని ముందు అరిచేది నిక్సనే. అసలు కారణం రష్యా. 1969 మార్చిలో సరిహద్దులోని ఉస్సూరి నది దగ్గర చైనా, సోవియట్ సైనికులు కాల్చుకున్నారు, ఇద్దరు కమ్యూనిస్టులకీ పొసగట్లేదని తేలిపోయింది, ఇటు నిక్సన్‌కేమో పరువు పోకుండా వియత్నాం యుద్ధం నుంచి బయటపడాలి, మాస్కో మీద ఒక పట్టూ కావాలి. 1971 జులైలో నిక్సన్ భద్రతా సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ వెళ్లి, కడుపులో బాలేదని చెప్పి మాయమై, బీజింగ్‌లో తేలాడు (స్కూలు ఎగ్గొట్టే పిల్లల ఐడియా, ప్రపంచ రాజకీయానికి పనికొచ్చింది).

1972 ఫిబ్రవరిలో నిక్సన్ వెళ్లి విమానం దిగుతూనే ముందుగా తనే చెయ్యి చాపి చైనా ప్రధాని చౌ ఎన్‌లైకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు, ఎందుకంటే 1954లో జెనీవాలో అమెరికా విదేశాంగమంత్రి డల్లెస్ అదే చౌకి చెయ్యి ఇవ్వలేదన్న మాట చైనా వాళ్ల మనసులో అలాగే ఉంది. తైవాన్ గొడవ ఆ వారంలో తేలేది కాదని ఇద్దరికీ తెలుసు, అందుకే ఇద్దరూ కలిసి ఇచ్చిన షాంఘై ప్రకటనలో ఎవరి వాదన వాళ్లు రాసుకున్నారు, తైవాన్ జలసంధికి రెండు వైపులా ఉన్న చైనీయులు చైనా ఒక్కటేనంటున్నారు, మేం దాన్ని కాదనం అని అమెరికా ఒక మాట చేర్చింది. ఎవరికి కావలసిన అర్థం వాళ్లు తీసుకోవచ్చు, దాని తెలివంతా అక్కడే ఉంది. వ్యాపారం అంటారా, కొరియా యుద్ధం నాటి ఆంక్షల్ని నిక్సన్ 1971లోనే ఎత్తేశాడు గానీ కొనడానికీ అమ్మడానికీ అప్పట్లో పెద్దగా ఏం లేదు.

ప్ర: డెంగ్ షియావోపింగ్ కౌబాయ్ టోపీ పెట్టుకున్న ఫొటో నిజమేనా?

జ: నిజమే. కార్టర్ 1979 జనవరి 1 నుంచి చైనాని అధికారికంగా గుర్తించాడు, ఆ నెలాఖరులోనే చైనా నాయకుడు డెంగ్ అమెరికా వచ్చాడు, టెక్సస్‌లో రోడియో (కౌబాయ్‌ల స్వారీ పోటీలు) చూస్తూ ఆ టోపీ పెట్టాడు. అమెరికన్లకి ఏ ఒప్పందమూ గుర్తులేదు, టోపీ మాత్రం గుర్తుంది.

ప్ర: చైనాని డబ్ల్యూటీఓలోకి (ప్రపంచ వాణిజ్య సంస్థ) రానిచ్చి క్లింటన్ తప్పు చేశాడంటారు. మీరేమంటారు?

జ: ఇది ఒక్క క్లింటన్ నెత్తినే వేయడం అన్యాయం. 2000 అక్టోబర్‌లో చైనాకి ఆ ఎంఎఫ్ఎన్ హోదా శాశ్వతం చేసే చట్టం మీద సంతకం ఆయనది, 2001 డిసెంబర్ 11న చైనా చేరేనాటికి జూనియర్ బుష్ ఉన్నాడు, రెండు పార్టీలూ ఓటేశాయి. ఒక విషయం చాలామంది గమనించరు, ఈ ఒప్పందంలో సుంకాలు తగ్గించుకుంది చైనా, అమెరికా సుంకాలు ముందు నుంచీ తక్కువే. మరి మారిందేంటి? అంతకుముందు ఏటా కాంగ్రెస్ ఆ హోదా పొడిగించాలా వద్దా అని తర్జనభర్జన పడేది, ఆ భయం పోయింది, ఇక ఫ్యాక్టరీ చైనాలో పెట్టుకుంటే నష్టం లేదని కంపెనీలకి ధైర్యం వచ్చేసింది. చైనాతో వస్తువుల వ్యాపారంలో అమెరికా లోటు 2001లో సుమారు 8,300 కోట్ల డాలర్లు, 2018కి దాదాపు 42,000 కోట్లు. చైనా దిగుమతుల వల్ల 1999, 2011 మధ్య 20 లక్షలకి పైగా ఉద్యోగాలు పోయాయని ఆర్థికవేత్తలు లెక్క వేశారు, నార్త్ కరోలినా ఫర్నిచర్ ఊళ్లలాంటివి బాగా దెబ్బతిన్నాయి. చవగ్గా వస్తువులు దేశమంతా కొనుక్కుంది, ఉద్యోగం మాత్రం కొన్ని ఊళ్లలోనే పోయింది, అక్కడి వాళ్లని వాషింగ్టన్ పట్టించుకోలేదు. నన్నడిగితే అసలు తప్పు అదీ.

క్లింటన్ ఇంకో జోస్యం కూడా చెప్పాడు, చైనా ఇంటర్‌నెట్‌ని అదుపు చేయాలనుకోవడం జెల్లీని గోడకి మేకుతో కొట్టడం లాంటిదని. చైనా వాళ్లు ఆ మేకు కొట్టేశారుగా మరి.

ప్ర: ట్రంప్‌కీ బైడెన్‌కీ చైనా విషయంలో తేడా ఉందా?

జ: మాటల్లో చాలా, చేతల్లో కొంచెం. 2018 జులైలో ట్రంప్ 3,400 కోట్ల డాలర్ల చైనా సరుకు మీద 25 శాతంతో మొదలెట్టాడు, చైనా తిరిగి సోయాబీన్స్ మీద వేసింది, ఎందుకంటే అది పండించేది ట్రంప్‌కి ఓటేసిన రైతులు. 2020 జనవరి ఒప్పందంలో రెండేళ్లలో 20,000 కోట్ల డాలర్ల సరుకు అదనంగా కొంటామని చైనా రాసిచ్చింది, కొనలేదు. బైడెన్ వచ్చి ఆ టారిఫ్‌లు తీసేస్తాడనుకుంటే దాదాపు అన్నీ ఉంచేశాడు, 2022 అక్టోబర్‌లో అత్యాధునిక కంప్యూటర్ చిప్స్, వాటిని తయారుచేసే మెషీన్లు చైనాకి వెళ్లకుండా కట్టేశాడు, 2024లో ఎలక్ట్రిక్ కార్ల మీద సుంకం 100 శాతం చేశాడు. 2025లో ట్రంప్ మళ్లీ వచ్చి ఏప్రిల్‌లో 145 శాతం దాకా లాక్కెళ్లాడు, చైనా 125 అంది, అక్కడ ఇక వ్యాపారమే ఆగిపోతుంది కాబట్టి మేలో జెనీవాలో కూర్చుని అమెరికా 30కి, చైనా 10కి దించుకున్నారు. ఈలోపు చైనా రేర్ ఎర్త్ (అరుదైన) ఖనిజాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది, అవి లేకపోతే కార్ల మోటార్లు ఆగుతాయి. సోయాబీన్స్ అయితే బ్రెజిల్‌లో దొరుకుతాయి, వీటికి బ్రెజిల్ లేదు.

ప్ర: చైనీస్ భాష వచ్చిన ప్రెసిడెంట్ ఎవరైనా ఉన్నారా?

జ: కొద్దోగొప్పో హూవర్‌కి (1929-33లో ప్రెసిడెంట్) వచ్చేది. పెళ్లయిన కొత్తలో మైనింగ్ ఇంజినీర్‌గా భార్యతో టియాంజిన్‌లో ఉన్నాడు, 1900 బాక్సర్ తిరుగుబాటులో అక్కడే ఇరుక్కుపోయాడు కూడా. వైట్‌హౌస్‌లో పక్కవాళ్లకి అర్థం కాకూడదనుకున్నప్పుడు మొగుడూ పెళ్లాలు చైనీస్‌లో మాట్లాడుకునేవాళ్లు. అన్నట్టు, 1930లో దిగుమతి సుంకాలు బాగా పెంచిన స్మూట్ హాలీ టారిఫ్ చట్టం మీద సంతకం పెట్టింది కూడా ఆయనే.