తమ్ముణ్ణి ఊరు దాటించెయ్యమంటున్నారు

ప్రశ్న: పొలం గట్టు తగాదా హత్య కేసులో మా తమ్ముడు 2011లో రాజమండ్రి సెంట్రల్ జైలుకు వెళ్లాడు. ఈమధ్యే ముందస్తు విడుదలలో వచ్చి మా ఇంట్లో ఉంటున్నాడు. మరదలు పిల్లాణ్ణి తీసుకుని ఎప్పుడో పుట్టింటికి వెళ్లిపోయింది. వాడు గది దాటి రాడు, పెట్టేదాకా అన్నం అడగడు. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, వాణ్ణి హైదరాబాద్ పంపించెయ్యమని మావారి వైపువాళ్ల గొడవ. చనిపోయినాయన కుటుంబం పక్క వీధిలోనే ఉంది. ఏం చెయ్యాలి?
– ఒక అక్క, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: పంపకండమ్మా. ముందు విడుదల ఉత్తర్వు తీసి చదవండి. ముందస్తు విడుదలకు షరతులుంటాయి. ఎవరి ముందు, ఎన్నాళ్లకోసారి హాజరవ్వాలో చూసుకోండి. తప్పితే మళ్లీ లోపలికి వెళ్లాల్సి రావచ్చు. పైగా ప్రొబేషన్ ఆఫీసరుగా నేను చూసినవాళ్లలో, తెలియని పట్నంలో ఒంటరిగా పడ్డవాళ్లే త్వరగా చెడ్డారు.

అన్నం అడగకపోవడం మొండితనం కాదు. అన్నేళ్లు లేవడం, తినడం, పడుకోవడం అన్నీ ఇంకొకరు చెబితేనే. తలుపు తనంతట తాను తీసుకుని ఎరగడు. అందుకని అతని చేతికే డబ్బిచ్చి కూరగాయలకు పంపండి. మొదట్లో మీ అమ్మాయి తోడు వెళ్లాలి. అతను లోపలుండగానే రాష్ట్రం రెండయింది, రెండు వేల నోటు వచ్చింది, పోయింది కూడా. టీ కొట్టు దగ్గర అందరూ ఫోన్లతో డబ్బు కడుతుంటే ఎవరికైనా టెన్షనే. ఏం కొనాలో మీరు చెప్పకండి. వంకాయలో బెండకాయలో అతనే తేల్చుకోవాలి. పుచ్చువి తెచ్చినా ఏమీ అనకండి.

ఆధార్, రేషన్ కార్డు చూసుకోండి. శిక్ష పడితే ఓటు పోయిందనుకుంటారు చాలామంది. జైల్లో ఉన్నంతకాలమే వెయ్యకూడదు, ఇప్పుడు జాబితాలో పేరు లేకపోతే ఫారం 6 ఇవ్వండి. పాత బ్యాంకు ఖాతా పదేళ్లు కదలకపోతే అందులో సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది, అయినా మీ బ్యాంకులోనే అడిగి తీసుకోవచ్చు. మీ నాన్నగారి పొలంలో అతని వాటా ఈ శిక్షతో పోదు. ఎవరైనా అడ్డం తిరిగితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, ఫోన్ 15100.

జైల్లో ఏ పని నేర్చుకున్నాడో మీరు రాయలేదు. వడ్రంగమో, నేతో, అడగండి. అతను నోరు విప్పి చెప్పుకోగల సంగతి అదొక్కటే కావచ్చు. ఆ పని తెలిసిన మేస్త్రీ దగ్గరికి మీవారు వెంట వెళ్లి, కేసు సంగతి దాచకుండా చెప్పి, పని అడగాలి. హైదరాబాద్ చంచల్‌గూడలో జైళ్ల శాఖ తన పెట్రోలు బంకుల్లో విడుదలైనవాళ్లకూ పని ఇచ్చింది. బండి ఆపినవాళ్లు పెట్రోలు పోయించుకుని వెళ్తారు, చరిత్ర అడగరు.

పక్క వీధి విషయం మాత్రం జాగ్రత్త. పెద్దమనుషుల్ని పెట్టి రాజీ చేయించబోకండి. భర్త పోయిన ఆమెకు మీ తమ్ముడి మొహం చూడకుండా ఉండే హక్కుంది. ఆ వీధి మీదుగా నడవొద్దని అతనికి చెప్పండి, వాళ్లింటి పెళ్లిళ్లకూ చావులకూ వెళ్లొద్దనండి. ఆమెగా కబురు చేస్తే అప్పుడు చూద్దాం.

సంబంధాల వాళ్లకు మొదటి మాటల్లోనే చెప్పెయ్యండి. మేనమామ జైలుకెళ్లాడని వెనక్కి తగ్గేవాళ్లు నిశ్చితార్థానికి ముందే తగ్గడం మంచిది. మరదలికి మీరు ఫోన్ చెయ్యకండి, ఉత్తరం అతన్నే రాయమనండి. విడుదల ఉత్తర్వులో అర్థంకాని షరతు ఉంటే నకలు పంపండి, చదివి చెబుతాను.