కొట్టులో పాత కంప్యూటరుకు ఏం మార్చాలి, ఎక్కడ ఆపాలి

చి. సతీష్‌కు పెదనాన్న దీవించి రాసేది.

మీ అంబాజీపేట కొట్టులోని కంప్యూటరు వివరాలు చూశాను. ఇంటెల్ ఐ3-4130 ప్రాసెసరు, దానికి సరిపడే హెచ్81 బోర్డు, 4 జీబీ ర్యామ్, పాత 500 జీబీ హార్డ్ డిస్కు. ట్యాలీ తెరుచుకునేలోపు బేరం లేచిపోతోందంటే ఆ తప్పు ప్రాసెసరుది కాదు. కొబ్బరి లెక్కలకూ జీఎస్టీ బిల్లులకూ అది ఇప్పటికీ సరిపోతుంది. ప్రాసెసరు మార్చమనీ, గ్రాఫిక్స్ కార్డు వేయమనీ ఎవరు చెప్పినా వినకు. ఆన్ చేసిన కాసేపటికి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ చూడు. డిస్కు 100 శాతం దగ్గర ఆగిపోయి, ప్రాసెసరు దాదాపు ఖాళీగా కనిపిస్తే నా మాట నిజమన్నట్టే. ముందు డిస్కు, తర్వాత ర్యామ్. అక్కడితో ఆపెయ్యి.

కొత్తవి పెట్టే ముందు కరెంటు సంగతి తేల్చుకో. క్యాబినెట్ ఇనుము మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోందా? అయితే ఎర్త్ సరిగా లేదు. కంప్యూటరుకు కరెంటు ఇచ్చే పెట్టె అయిన ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టరు కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ క్యాబినెట్‌కు వస్తూనే ఉంటుంది. ఎర్త్ ఉంటే భూమిలోకి పోతుంది, లేకపోతే చేతికి తెలుస్తుంది. కోనసీమ నేలలో తడికి కొదవ లేదు కాబట్టి ఎర్త్ గొయ్యి బాగానే పనిచేయాలి. కానీ ఆ తడీ, సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలీ కలిసి ఆ గోతిలోని గొట్టానికి తీగ బిగించిన బోల్టును తినేస్తాయి. ఎలక్ట్రీషియన్ని పిలిచి సాకెట్లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూడమను. 5 వోల్టులు దాటితే ముందు ఆ బోల్టే విప్పి, గీకి, కొత్తది బిగించమను.

మీ దగ్గర ఇంకో బెడద కొబ్బరి పీచు ధూళి. ఫ్యాన్లు దాన్ని లోపలికి లాగి ప్రాసెసరు హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు ముక్క) రెక్కల మధ్య దట్టంగా కూరేస్తాయి. ప్లగ్గు గోడ నుంచి పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకో, మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్‌ను బయట అరుగు మీదికి తెచ్చి మెత్తటి పెయింటు బ్రష్షుతో దులుపు. బ్లోయరు వాడితే ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకో. అదుపు లేకుండా తిరిగితే బేరింగు పాడవుతుంది. బోర్డు మీద గుండ్రటి కెపాసిటర్ల తలలు ఉబ్బి కనిపిస్తే అక్కడే ఆగిపో. ఆ బోర్డు మీద పైసా కూడా పెట్టకు.

ఇక డిస్కు. లోపల తిరిగే పళ్లెం లేని వేగమైన రకం కావాలి. 2.5 అంగుళాల, కేబులుతో తగిలించే సాటా ఎస్ఎస్‌డీ, 500 జీబీ తీసుకో. ఎన్‌వీఎంఈ రకం (బోర్డు మీద నేరుగా గుచ్చేది) ఇంకా వేగమని అంటగట్టబోతారు. హెచ్81 బోర్డుల్లో చాలావాటికి అది పెట్టే చోటు ఉండదు. అడాప్టరు వేసి పెట్టినా పాత బయోస్‌తో (కంప్యూటరు లేచేటప్పుడు ముందుగా నడిచే ప్రోగ్రాము) దాని నుంచి బూట్ అవ్వదు. హెచ్81లో 6 జీబీపీఎస్ సాటా పోర్టులు రెండే, మిగిలినవి 3 జీబీపీఎస్‌వి. బోర్డు మీద పోర్టు పక్కన రాసి ఉంటుంది, చూసి వేగంగా ఉన్నదానికే తగిలించు. బయోస్‌లో సాటా మోడ్ (డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ అని ఉండాలి. విండోస్ వేశాక దాన్ని మారిస్తే బ్లూ స్క్రీన్ వస్తుంది, అందుకే ముందే చూసుకో.

విండోస్ వేసేటప్పుడు పాత డిస్కు కేబులు తీసేసి ఉంచు. ఇది చాలామంది చెయ్యరు. రెండూ తగిలి ఉంటే బూట్ ఫైళ్లు (విండోస్‌ను లేపేవి) పాత డిస్కులోకి పోవచ్చు. అలా పోయాక ఆరు నెలలకు ఆ డిస్కు చస్తే కొత్త ఎస్ఎస్‌డీ బాగున్నా కంప్యూటరు లేవదు. అన్నిటికంటే ముందు ట్యాలీ డేటాను పెన్ డ్రైవులోకి బ్యాకప్ తీసి, ఇంకో కంప్యూటర్లో తెరిచి చూడు. పాత విండోస్‌లో ఉండగానే ట్యాలీ లైసెన్సు సరెండర్ చెయ్యి, అంటే ఈ కంప్యూటరు నుంచి విడిపించు. మరిచిపోయి ఫార్మాట్ కొడితే లైసెన్సు తిరిగి తెచ్చుకోవడానికి తిరగాల్సి వస్తుంది.

ర్యామ్ 8 జీబీ చేస్తే చాలు. బోర్డు 16 వరకూ తీసుకుంటుంది గానీ అవసరం లేదు. కావాల్సింది డెస్క్‌టాప్ డీడీఆర్3, 1600 రకం. ఉన్నది ఒకే 4 జీబీ స్టిక్కు అయితే రెండో స్లాటులో ఇంకో 4 జీబీ. డీడీఆర్4కు గాడి వేరే చోట ఉంటుంది, దూరదు. చవగ్గా దొరికే 8 జీబీ స్టిక్కుల్లో కొన్ని ఏఎండీ అనే ఇంకో కంపెనీ ప్రాసెసర్ల బోర్డులకే పనిచేస్తాయి. ఇంటెల్ బోర్డులో పెడితే బీప్ కొడుతుంది, లేదా తెర నల్లగా ఉండిపోతుంది. బిల్లు మీద ఇంటెల్ హెచ్81కి అని రాయించుకో. పాత స్టిక్కు బంగారు అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లిగా రుద్ది, పొట్టు దులిపి పెట్టు. తేమకు పట్టిన పొర పోతుంది. రెండు చివరలా బొటనవేళ్లతో సమానంగా, టక్‌మనే దాకా నొక్కు.

గడియారం ప్రతి ఉదయం వెనక్కి పోతుంటే బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ మార్చు. తేదీ తప్పైతే జీఎస్టీ సైటు కూడా తెరుచుకోదు.

ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పాలి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి, విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ ఈ నాలుగో తరం ప్రాసెసరుకు ఇవ్వదు. రేపు కొత్త కంప్యూటరు కొన్నా ఈ ఎస్ఎస్‌డీ అందులోకి వస్తుంది, డీడీఆర్3 ర్యామ్ రాదు. అందుకే ఎస్ఎస్‌డీ మంచిది కొను, ర్యామ్ సెకండ్ హ్యాండ్‌ది చాలు. అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి బ్యాంకు పనులు మాత్రం దీంట్లో వద్దు.

ఎస్‌ఎంపీఎస్ మాటిమాటికీ రీస్టార్ట్ కొట్టిస్తోందని రాశావు. దాన్ని మార్చే ముందు బోర్డుకు వెళ్లే పెద్ద కనెక్టరు చూడు. కొన్ని కంపెనీ ఆఫీసు మోడళ్లలో 24 పిన్నుల బదులు 8 పిన్నులే ఉంటాయి, బజారులో దొరికేది వాటికి కుదరదు. ఆ కనెక్టరుదీ, ఎస్‌ఎంపీఎస్ మీద వాట్లు రాసిన స్టిక్కరుదీ ఫోటో తీసి పంపు. చూశాక ఏది కొనాలో చెప్తాను.

పెదనాన్న